వీడియో గేములను నిషేధించగలరా, సెన్సారు చేయగలరా? కలెక్టరు గారికి ఇవ్వబోయే వినతిపత్రంపై చర్చ

భవానీనగర్ మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో మా పిల్లలు చదివే బడిలో మొన్న జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక తీర్మానం చేశారు. తుపాకులతో కాల్చుకునే వీడియో గేములను జిల్లాలో పూర్తిగా నిషేధించాలని కలెక్టరు గారిని కోరాలని, అది కుదరకపోతే సినిమాలకు ఉన్నట్టు ఈ ఆటలకూ సెన్సారు పెట్టించి రక్తపాతాన్ని, బూతులను తీసివేయించాలని ఆ తీర్మానం సారాంశం. వినతిపత్రం రాసే పని నాకు అప్పగించారు. రాయడానికి కూర్చున్నాక నాకు తేలని విషయాలు రెండు ఉన్నాయి. ఇటువంటి అధికారం కలెక్టరుకు గానీ, రాష్ట్ర ప్రభుత్వానికి గానీ అసలు ఉన్నదా? ఉన్నా, దానివల్ల పిల్లలకు జరిగే మేలు ఏమిటి? రాత్రి ఒంటిగంట వరకు ఫోను పట్టుకుని పొద్దున తరగతిలో తల వాల్చే పిల్లలను నేను రోజూ చూస్తున్నాను కాబట్టి ఊరికే ఉండటం నాకు సమ్మతం కాదు. కానీ సంతకాలు పెట్టించి, తిరస్కరించక తప్పని కాగితం ఒకటి తీసుకుపోయి ఇవ్వడమూ నాకు ఇష్టం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

చిత్తూరు వకీలు

మాస్టారు గారూ, ముందు సెన్సారు సంగతి చెబుతాను. వీడియో గేమును విడుదలకు ముందు చూసి ధ్రువపత్రం ఇచ్చే చట్టబద్ధమైన సంస్థ మన దేశంలో లేదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం సినిమాలకే వర్తిస్తుంది. 2021 నాటి ఐటీ నియమాలు ఓటీటీలో వచ్చే సినిమాలకు, సిరీస్‌లకు 7, 13, 16 ఏళ్ల వయోపరిమితుల వర్గీకరణను తప్పనిసరి చేశాయి గానీ, ఆటలకు ఆ ఏర్పాటు కూడా లేదు. ప్లే స్టోరులో ఆట పేరు కింద 12+, 16+ అని కనిపించే గుర్తులు తయారీదారు నింపిన ప్రశ్నావళిని బట్టి వచ్చేవే తప్ప, వాటి వెనుక మన చట్టం లేదు. అయితే చట్టం చేయడం అసాధ్యం కాదు. 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు సినిమాల ముందస్తు సెన్సారును సమర్థిస్తూ, కదిలే బొమ్మ చూసేవారి మనసును ఇతర కళారూపాలకంటే గాఢంగా కదిలిస్తుందని కారణం చెప్పింది. పార్లమెంటు రేపు ఆటలకు అటువంటి చట్టం చేస్తే, వాక్‌స్వాతంత్ర్యంపై పరిమితులకు వీలిచ్చే రాజ్యాంగం 19(2) అధికరణం కింద నిలబడే అవకాశం ఉన్నదనే నా అభిప్రాయం.

ఇక నిషేధం. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను కేంద్రం ఆపినప్పుడు, పిల్లలు చెడిపోతున్నారనే అది జరిగిందని చాలామంది తల్లిదండ్రులు అనుకున్నారు. ఆ ఉత్తర్వు ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద, దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రతల పేరిట వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ 19(2)లో మర్యాద, నైతికత అనే కారణాలు ఉన్నాయి. 69ఎ సెక్షన్‌లో అవి లేవు. అంటే ఒక ఆట పిల్లల నడవడికను పాడుచేస్తున్నదన్న ఒక్క కారణంతో ఈ సెక్షన్ కింద దానిని ఆపడం కుదరదు. అదే ఆట పేరు మార్చుకుని బీజీఎంఐగా (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) 2021 జూలైలో వచ్చింది, 2022 జూలైలో మళ్లీ ఆగింది, 2023 మేలో మూడు నెలల పరిశీలన షరతుతో తిరిగి వచ్చింది. ఈ రాకపోకలలో దేనికీ తల్లిదండ్రుల ఫిర్యాదు మూలం కాదు.

కలెక్టరుగారి అధికారం ఇంకా చిన్నది. పాత 144 సెక్షన్ స్థానంలో ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ ఉన్నది. దాని కింద ఇచ్చే ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి నిలవదు. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీపై ఈ తోవలోనే నిషేధం పెట్టారు. అక్కడ చివరికి అరెస్టయినవారు ఎవరో తెలుసా? ఫోనులో ఆడుకుంటూ కూర్చున్న కాలేజీ పిల్లలు. మన జిల్లాలో అది జరగాలని వినతిపత్రంలో మనమే కోరుదామా?

చంద్రగిరి నెట్ సెంటర్

వకీలు గారు చెప్పిన 2020 నిషేధం తర్వాత వారం తిరగకముందే మా సెంటరుకు పిల్లలు కొరియా వెర్షన్ ఫైలు కావాలని, ఇక్కడ ఆపిన ఆటను వేరే దేశం నుంచి ఆడుతున్నట్టు చూపించే వీపీఎన్ ఎలా పెట్టాలో చూపించమని వచ్చారు. నేను పెట్టివ్వనంటే పక్కవాడి ఫోను నుంచి ఎక్కించుకున్నారు. ఎక్కడినుంచో తెచ్చుకున్న ఫైలులో ఆటతోపాటు ఇంకేమి వచ్చి ఫోనులో కూర్చున్నదో వారికి తెలియదు. ప్లే స్టోరులో ఉన్నప్పుడు కనీసం ఒక లెక్క, ఒక ఫిర్యాదు పెట్టె ఉండేవి.

పుత్తూరు అమ్మ

పెద్దలందరికీ నమస్కారం. చట్టం గురించి నాకు తెలియదు. నా బిడ్డ గురించి చెబుతాను. వాడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. నేను ఇంట్లో మిషను కుడతాను. బ్లౌజుల డబ్బులు నా ఫోనుకే వస్తాయి, ఆ ఫోనే వాడి చేతిలోనూ ఉంటుంది. నంబరు నొక్కేటప్పుడు చూసి నేర్చుకున్నాడు. ఒకేసారి పెద్ద మొత్తం పోయి ఉంటే నాకు ఆ రోజే తెలిసేది. ఎనభై, నూట అరవై, మళ్లీ ఎనభై, ఇలా పోయింది. పండగకు గుడ్డ తేవడానికి చూసుకుంటే ఖాతాలో ఏమీ లేదు.

వాడిని కొట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని, ఆ డబ్బుతో ఏమి కొన్నావో చూపించమన్నాను. చూపించాడు. తెర మీద ఒక చక్రం ఉంది. దాని మీద మెరిసే తుపాకీ ఒకటి, చుట్టూ పనికిరాని చిన్న సామాన్లు. నొక్కితే చక్రం గిర్రున తిరిగి, నెమ్మదించి, ఆ తుపాకీ దగ్గరకు వచ్చి దాదాపు ఆగినట్టే ఆగి, ఒక్క గడి దాటిపోతుంది. పైన ఎర్ర అక్షరాలతో ఇంకా ఇన్ని గంటలే ఉన్నాయని లెక్క తగ్గుతూ ఉంటుంది. "అమ్మా, ఈసారి వచ్చేస్తుంది" అన్నాడు. డబ్బులు పోగొట్టిన వాడు నా ముందు కూర్చుని, భయపడటం మానేసి ఆ మాట అన్నాడు. ఆ ఆటలో చావులు చూసి వాడు మొరటువాడు కాలేదు, ఇప్పటికీ కోడిని కోస్తుంటే లోపలికి పోతాడు. వాడిని పట్టుకున్నది ఆ చక్రం. దానిని నిషేధిస్తారో, ఆటనే నిషేధిస్తారో మీరు చెప్పండి, మాస్టారు గారి కాగితం మీద నేను సంతకం పెడతాను.

రేణిగుంట బీటెక్

అమ్మా, మీకు జరిగినది చదివి బాధ కలిగింది. నేను ఈ ఆటలు ఆడుతాను, వాటిని తయారు చేసే పని నేర్చుకుంటున్నాను. అయినా మీరు చెప్పిన చక్రాన్ని సమర్థించలేను. కానీ తీర్మానంలో ఉన్నది ఆ చక్రం కాదు. తుపాకులు, రక్తం, బూతులు మాత్రమే అందులో ఉన్నాయి. బొమ్మలను కత్తిరించడం వల్ల ఏమి వచ్చిందో ఇతర దేశాల అనుభవం చూడండి. ఇంగ్లండులో 1997లో కారుతో మనుషులను గుద్దే ఆట ఒకదానికి ధ్రువపత్రం నిరాకరిస్తే, తయారీదారులు మనుషుల స్థానంలో ఆకుపచ్చ రక్తం కారే నడిచే శవాలను (జాంబీలను) పెట్టి అమ్ముకున్నారు. మన బీజీఎంఐలోనూ రక్తాన్ని ఆకుపచ్చ రంగులోకి మార్చారు. పచ్చ రక్తం వచ్చాక పిల్లలు ఒక్క గంట తక్కువ ఆడారా? అమెరికాలో కాలిఫోర్నియా 2005లో హింసాత్మక ఆటలను మైనర్లకు అమ్మకూడదని చట్టం చేస్తే, 2011లో అక్కడి సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో దానిని కొట్టివేసి, పుస్తకాలకు ఉన్న రక్షణే ఆటలకూ ఉంటుందని చెప్పింది.

గంటలు కొలిచి ఆపే చట్టాలు కూడా చూశాం. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని చట్టం చేసింది. పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు సంఖ్యలతో లోపలికి వెళ్లారు, పదేళ్ల తర్వాత ఆ చట్టాన్ని రద్దు చేశారు. చైనా 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు మాత్రమే అనుమతి ఇచ్చింది. ప్రతి పౌరుడి అసలు పేరును ప్రతి ఆటకు ముడిపెట్టగలిగిన ప్రభుత్వానికే అది సాధ్యం. నా స్నేహితుల వివరాలన్నీ అలా ఒకచోట పోగుపడటం నాకు ఇష్టం లేదు.

చిత్తూరు వకీలు

తమ్ముడూ, అమెరికా తీర్పును మనకు తెచ్చుకునేటప్పుడు జాగ్రత్త పడాలి. వారి రాజ్యాంగంలో మన 19(2) వంటి అధికరణం లేదు. ఆ తీర్పు మన కోర్టులో వాదనకు పనికివస్తుంది, కట్టుబాటు కాదు. మిగతా విషయాల్లో నీతో ఏకీభవిస్తాను.

పుంగనూరు భారతం

హింసను చూపడం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టినవాడిగా ఒక మాట చెప్పాలనిపించింది. మా వైపు ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లలో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి నాటకం. చివరిరోజున మైదానంలో మట్టితో దుర్యోధనుడిని పడుకోబెడతారు. మనిషి పక్కన నిలబడితే చేతివేళ్లంత కూడా కనపడనంత పెద్ద విగ్రహం. భీముడి వేషగాడు గదతో దాని చుట్టూ పరుగెత్తి, తొడ పగలగొట్టి, లోపల దాచిన ఎర్రనీళ్లు బయటికి రాగానే ద్రౌపది వేషధారి జుట్టు ముడుస్తారు. నేను మా నాయన భుజాల మీద కూర్చుని చూశాను, నా కూతురు నా భుజాల మీద కూర్చుని చూసింది. దీనిని సెన్సారు చేయాలని ఎవరికీ తోచలేదు, తోచకూడదు కూడా. అందుచేత రక్తం కనిపించడమే నేరమన్న వాదన నాకు అర్థం కాదు.

అయితే తేడా కూడా చెప్పాలి, లేకపోతే నా మాట సగమే అవుతుంది. భారతంలో దుర్యోధనుడు పడిపోయాక పక్కన అతని తరఫు ఏడుపు కూడా ఉంటుంది. చంపినవాడికి అక్కడ బహుమతి రాదు. మరునాడు నిప్పుల గుండం తొక్కితే ఉత్సవం ముగుస్తుంది. ఇంటికి వెళ్లి ఏడాది దాకా దాని ఊసు ఉండదు. మా అన్న కొడుకు ఆడే ఆటలో నలభై, యాభై రోజులకొక "సీజన్" పూర్తయిన రోజే ఇంకొకటి మొదలవుతుంది, అందులో ర్యాంకు కిందికి దిగిపోతుంది. ఒక్క రోజు మానేస్తే వరుసగా వచ్చే బహుమతి తెగిపోతుంది. ముగింపు లేకుండా తయారుచేసిన వస్తువును పన్నెండేళ్ల పిల్లవాడి చేతికిచ్చి, నువ్వే ముగించుకో అంటే ఎలా ముగిస్తాడు?

మానసిక వైద్యురాలు, తిరుపతి

పుంగనూరు సభ్యుని చివరి ప్రశ్న దగ్గర నుంచే మొదలుపెడతాను, నా ఓపీకి వచ్చే పిల్లల సమస్య అక్కడే ఉన్నది. హింసాత్మక ఆటలు ఆడితే పిల్లలు నిజంగా హింసకు పాల్పడతారన్న మాటకు చాలినన్ని ఆధారాలు లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020 మార్చిలో స్పష్టం చేసింది. కొద్దిపాటి దుడుకుతనంతో సంబంధం ఉండవచ్చని కూడా చెప్పింది. హంతకులను తయారుచేస్తాయన్న భయాన్ని వినతిపత్రంలో రాయవద్దని నా విన్నపం. రాసి ఇస్తే మొదటి వాక్యం దగ్గరే మనం ఓడిపోతాం.

రుజువైన సమస్య వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. అది 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది. దాని లక్షణాలలో రక్తం ప్రస్తావన ఎక్కడా లేదు. ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి చదువును, నిద్రను, ఇంటి సంబంధాలను దెబ్బతీస్తూ సాధారణంగా పన్నెండు నెలల పాటు సాగడం ఆ నిర్వచనం. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడిన పిల్లవాడిని రోగి అనకూడదు. నిజంగా ఈ స్థితికి చేరిన పిల్లలలో చాలామందికి ఆటకు ముందే మరొక బాధ ఉంటుంది: చదువులో వెనకబడటమో, ఇంట్లో గొడవలో, స్నేహితులు లేకపోవడమో. ఫోను లాక్కుంటే ఆ బాధ ఇంకొక రూపంలో బయటపడుతుంది.

పుత్తూరు అమ్మగారూ, మీరు కొట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని చూపించమన్నారే, అది చాలా సరైన పని. "దాదాపు వచ్చినట్టే" ఆగి దాటిపోయే ఆ చక్రం జూదం యంత్రాలలో వాడే పద్ధతే. పెద్దవాళ్లనే అది లేవనివ్వదు, మీ అబ్బాయి దుర్బలుడని అనుకోవద్దు.

భవానీనగర్ మాస్టారు

చర్చ ఇక్కడికి వచ్చాక నాకు ఒక సందేహం. 2025లో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది కదా. డాక్టరు గారు ఆ చక్రం జూదం పద్ధతే అంటున్నారు. అటువంటప్పుడు అది ఇప్పటికే నిషేధంలో ఉన్నట్టు కాదా?

చిత్తూరు వకీలు

మంచి ప్రశ్న. మన రాష్ట్రం ఈ విషయంలో ముందే కదిలింది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను, పేకాటను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత తగాదాను పక్కనపెట్టి, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆటలన్నిటినీ ఆపింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా జరిగే వీడియో గేములను, మామూలు సామాజిక ఆటలను ప్రోత్సహిస్తామని కూడా చెబుతున్నది. దాని చెల్లుబాటుపై సవాళ్లు సుప్రీంకోర్టుకు చేరాయి.

అమ్మగారి బిడ్డ గెలవాలనుకున్నది డబ్బును కాదు, ఆట బయట అమ్ముకోలేని బొమ్మ తుపాకీని. అందుచేత చట్టంలోని నిర్వచనం దానిని పట్టుకోవడం కష్టమని నా పఠనం. ఇతర దేశాలు ఈ సందును మూయడం మొదలుపెట్టాయి. బెల్జియం 2018లో డబ్బుకు అమ్మే ఇటువంటి లూట్ బాక్సులను, అంటే లోపల ఏమి వస్తుందో తెలియకుండా కొనే పెట్టెలను, జూదంగానే పరిగణించింది. ఆస్ట్రేలియా 2024 సెప్టెంబరు 22 నుంచి అవి ఉన్న కొత్త ఆటలకు పెద్ద పిల్లల వర్గానికి తగ్గని రేటింగు ఇస్తున్నది. జూదాన్ని అనుకరించే ఆటలైతే పద్దెనిమిదేళ్లు నిండినవారికే. ఆట పోలేదు, అందులోని బొమ్మ మారలేదు. అమ్మే పద్ధతికి మాత్రమే కళ్లెం పడింది.

మన చేతిలో ఉన్న పనిముట్టు కూడా ఒకటి ఉన్నది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మోసపు డిజైన్లపై మార్గదర్శకాలు ఇచ్చి, పదమూడు పద్ధతులను నిషేధించింది. లేని తొందర పుట్టించడం, మళ్లీ మళ్లీ విసిగించి కొనిపించడం ఆ జాబితాలో ఉన్నాయి. గడువు నిజమైనది కాకపోతే, అంటే ఈ రోజు ముగిసిందన్న ఆఫరే వారం తిరగకుండా మళ్లీ వస్తే, ఆ ఎర్ర అక్షరాల గడియారం ఈ మార్గదర్శకాల కిందికి వస్తుందని ఫిర్యాదు చేయవచ్చు.

అమ్మా, మీ డబ్బు గురించి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరు చేసిన ఒప్పందం చెల్లదు. 1903లో, అప్పట్లో మన పై కోర్టు అయిన లండనులోని ప్రివీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చిన నాటి నుంచి అది మారలేదు. కొన్నది మీ ఫోను నుంచి, మీ పిన్‌తో కాబట్టి కంపెనీ వాదిస్తుంది. అయినా ఊరుకోవద్దు. యాప్ స్టోరులోని కొనుగోళ్ల చరిత్రను, బ్యాంకు స్టేట్‌మెంటును ఫొటో తీసి, కొన్నది మైనరు అని రాసి స్టోరులోనే వాపసు కోరండి. ఒప్పుకోకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిన్ ఈ రోజే మార్చండి.

పుత్తూరు అమ్మ

పిన్ మార్చాను వకీలు గారూ. స్టోరులో వాపసు ఎక్కడ అడగాలో మా అబ్బాయే వెతికి పెట్టాడు. మాస్టారు గారు రాసే దానిలో నాది ఒక్క మాట చేర్చండి. ఒక ఆట 2021లో వచ్చినప్పుడు మైనరు రోజుకు 7,000 రూపాయల వరకు ఖర్చు పెట్టవచ్చని పరిమితి పెట్టినట్టు మా తమ్ముడు చూపించాడు. నేను నెలంతా కుట్టినా ఒక్కోసారి అంత రాదు. దానిని పరిమితి అని ఎలా అంటారు? పిల్లవాడి ఖాతాకు ఖర్చు సున్నా ఉండాలి, పెంచాలంటే తల్లో తండ్రో పెంచాలి.

రేణిగుంట బీటెక్

అమ్మగారి మాటను సాంకేతికంగా అమలు చేయడం కష్టం కాదు. 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి ఉండాలని చెబుతున్నది. ఆ అనుమతి అడిగే తెర మీదే ఖర్చు పరిమితిని కూడా అడగవచ్చు. నాకు అభ్యంతరం లేదు, నాలాంటి వారు చాలామందికి ఉండదు.

భవానీనగర్ మాస్టారు

ఇంతవరకు వచ్చిన మాటలను బట్టి వినతిపత్రాన్ని ఇలా మారుస్తున్నాను. జిల్లాలో నిషేధం, బొమ్మల కత్తిరింపు అన్న రెండు కోరికలను తీసివేస్తున్నాను. సమావేశంలో వాటిని కోరినవారికి కారణాలు నేనే వివరిస్తాను. ఓటీటీకి ఉన్నట్టు ఆటలకూ వయోవర్గీకరణను చట్టబద్ధం చేయాలని, అందులో హింసతోపాటు లూట్ బాక్సులు, చక్రాలు ఉన్నాయో లేదో తెలుగులో, ఆట పేరు పక్కనే కనపడేలా రాయాలని మొదట ఉంటుంది. మైనర్లకు డబ్బుతో చక్రాలు, పెట్టెలు అమ్మడాన్ని పూర్తిగా ఆపాలన్నది రెండోది. ఇక్కడ నిషేధం అన్న మాటను ఉంచుతున్నాను, ఎందుకంటే ఇక్కడ అదే తగినది. మూడోది పుత్తూరు అమ్మగారి సున్నా ఖర్చు. వీటిని కోరవలసింది కేంద్ర ఐటీ శాఖను కాబట్టి పత్రం అక్కడికి, మోసపు డిజైన్ల భాగం వినియోగదారుల ప్రాధికార సంస్థకు వెళుతుంది.

కలెక్టరు గారిని వారి చేతిలో ఉన్నది మాత్రమే కోరుదాం: ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక పూట పిల్లలకు, తల్లిదండ్రులకు ఉచిత కౌన్సెలింగు, ప్రతి మండలంలో బడి వదిలాక మైదానం తాళం తీసి ఉంచడం. మా బడి మైదానానికే నాలుగున్నరకు తాళం పడుతుంది.

మానసిక వైద్యురాలు, తిరుపతి

కౌన్సెలింగు పూటకు నా వంతు సమయం ఇస్తాను. పత్రంలో "వ్యసనపరులైన పిల్లలు" అని రాసిన చోట "ఆట మానలేకపోతున్న పిల్లలు" అని మార్చండి. అది చదివే పిల్లలు కూడా ఉంటారు.

భవానీనగర్ మాస్టారు

మార్చాను. పూర్తి ప్రతిని శనివారం సాయంత్రానికి ఇక్కడ పెడతాను. వకీలు గారు సెక్షన్ల సంఖ్యలు ఒకసారి సరిచూడగలరు. పుత్తూరు, పుంగనూరు, చంద్రగిరి సభ్యులు తమ ఊళ్లలోని బడుల నుంచి సంతకాలు తెస్తే, పైవారం గ్రీవెన్స్ రోజున కలిసి వెళదాం.